బిందె తీసిన చెయ్యి

ధనమ్మకి కోపం కొత్త కాదు. టాటానగర్ స్టేషను వెనక తెలుగు బస్తీలో పొద్దున్నే కుళాయి కన్నా ముందు ఆవిడ నోరు విప్పుకుంటుందని అందరూ అనే మాటే. అయితే ఆ కోపాలన్నీ పాలపొంగులు, ఇన్ని నీళ్ళు చల్లితే దిగిపోయేవి. ఈసారిది అలాంటిది కాదు. ఈసారిది కడుపులో దిగి కూర్చుంది. పైగా ఎవరి మీద? తల్లి పోయాక చంకనేసుకుని పెంచిన సొంత తమ్ముడి మీద.

తమ్ముడు సోమేశ్వరరావు సాక్చిలో ఒక కాలేజీలో ఫిలాసఫీ చెప్తాడు. సోనారిలో అద్దిల్లు, ఇంటి నిండా పుస్తకాలు. లోకో షెడ్డు ఖలాసీ కొడుకు లెక్చరరు అయ్యాడంటే బస్తీకంతా గొప్పే. ఆ గొప్పకి తగ్గట్టు ఏ డాక్టరీయో చదివుంటే ఎంత బావుణ్ణు! వీడు చదివింది ఏమిటయ్యా అంటే, మనిషి మీద మనిషి పెత్తనం ఎందుకు, రాజనేవాడు లేకపోతే నీతి ఉండదా, లాఠీ లేకపోతే మనం ఒకళ్ళనొకళ్ళు పీక్కుతినేస్తామా అని. అరాచకవాదం అంటారట దాన్ని. లూటీలు చెయ్యమనే చదువు కాదని, ఎవడూ ఎవడి నెత్తినా ఎక్కకుండా పదిమందీ కలిసి ధర్మంగా బతకడం ఎలాగన్న విచారమని అప్పకి వందసార్లు చెప్పాడు. ధనమ్మ వందసార్లూ విని, "దీనికి ఇన్నేళ్ళేట్రా?" అంది.

ఇన్నేళ్ళే. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఆ ఒక్క పుస్తకమే రాస్తున్నాడు. పైనున్న పెద్ద ప్రొఫెసరు ఒకాయన అంతా చదివి, "ఇది నీతిశాస్త్రం సంగతి కాదయ్యా, పోలీస్ స్టేషను సంగతి" అని తిప్పి పంపాడు. వీడు మళ్ళీ మొదటి నుంచీ రాశాడు. జుట్టు నెరిసింది. పెళ్ళి సంబంధం తెస్తే, "మొగుడి పెత్తనం నాకొద్దప్పా" అన్నాడు.

"పెత్తనం చేసీది నువ్వు కదరా, నీకేటి నొప్పి?" అని ధనమ్మ నెత్తి కొట్టుకుంది.

"అదే వద్దంటున్నాను" అన్నాడు వాడు.

ఇంక అలాంటివాడితో ఏం మాట్లాడతాం!

ఎమర్జెన్సీలో మఫ్టీ పోలీసొకడు బస్తీకొచ్చి వీడి గురించి ఆరా తీశాడు. ఆ పుస్తకాలేంటి, ఆ రాతలేంటి, ఎవరెవరు వస్తారు అని. ఆనాడు అడ్డంగా నిలబడ్డవాడు ముసలయ్య. "బుర్ర కొంచెం తిరిగినోడు బాబూ, పుస్తకాలు నవుల్తాడు గానీ మనుషుల్ని కరవడు" అని హిందీలో నవ్వుతూ చెప్పి, టీ తాగించి సాగనంపాడు. ఆ మాట సోమేశ్వరరావు మర్చిపోలేదు. ధనమ్మా మర్చిపోలేదు.

ముసలయ్య బస్తీ పెద్ద. లోకో షెడ్డులో మేస్త్రీగా చేసి రిటైరయ్యాడు. పెళ్ళి కుదరాలన్నా, అన్నదమ్ముల తగువు తీరాలన్నా, ఆఖరికి శవం లేవాలన్నా ఆయన మాట పడాలి. ఊరికే వచ్చిన పెద్దరికమూ కాదు. బస్తీకి కుళాయి తెచ్చింది ఆయనే. అంతకుముందు ఆడవాళ్ళు యార్డుకి పోయి, ఇంజన్లకి నీళ్ళు పట్టే గొట్టం కింద బిందెలు పెట్టి, కాపలావాడి చేత బూతులు తిని తెచ్చుకునేవారు. ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి పైపు వేయించాడాయన. కుళాయి ముసలయ్యదని ఎవరూ పైకి అనరు. కానీ ఆయన అరుగు కుళాయికి ఎదురుగానే ఉంది, పొద్దున్నే ఆయన అక్కడే కూర్చుంటాడు, అందరికీ తెలుసు.

ఇక చిన్నమ్మి. ధనమ్మ ప్రాణ స్నేహితురాలు కస్తూరమ్మ కూతురు. కస్తూరమ్మ పోతూ పోతూ పిల్లని ధనమ్మ చేతుల్లో పెట్టింది. "పిన్నీ, పిన్నీ" అంటూ ఆవిడ కొంగు పట్టుకునే పెరిగింది పిల్ల. కాంట్రాక్టు పనులు చేయించే ఠేకేదారు దగ్గర కూలీల మేటుగా ఉన్న ఆదిబాబుకిచ్చి చేశారు. వాడు తాగినప్పుడు తాగి కొట్టేవాడు, తాగనప్పుడు తాగడానికి లేదని కొట్టేవాడు. ఎడం చెయ్యి విరగ్గొట్టాక చిన్నమ్మి వచ్చేసి, తల్లి బతికుండగా ఉన్న గదిలోనే పొయ్యి వెలిగించుకుంది. ఆదిబాబు పంచాయితీ పెట్టించాడు.

ముసలయ్య అంతా విని తీర్పు చెప్పాడు. "మొగుడన్నాక ఒక దెబ్బేత్తాడు, ఒక ముద్దెడతాడు. ఆడి కాళ్ళట్టుకుని ఎలిపో గుంటా."

చిన్నమ్మి కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి చూపించింది. "ఏ సేత్తో పట్టుకోమంటావు తాతా?" అంది.

జనం గొల్లుమన్నారు. ముసలయ్య నవ్వలేదు. పదిమందిలో పెద్దని నవ్వులపాలు చేసిన మనిషిని ఊరికే వదిలితే రేపు పెద్దరికం ఏముంటుంది? వెలి వేశాడు. ఎవరూ పలకరించకూడదు, నిప్పివ్వకూడదు, నీళ్ళివ్వకూడదు. కుళాయి దగ్గర ఆమె బిందె కనపడకూడదు. ఇచ్చినవాళ్ళూ వెలే, ఆ ఇంట తిన్నవాళ్ళూ తాగినవాళ్ళూ వెలే.

ఆ బస్తీలో కుళాయి దగ్గర మనుషులు నిలబడరు, బిందెలు నిలబడతాయి. చీకటుండగానే ఎవరి బిందె వాళ్ళు వరసలో పెట్టి, ఇంటికి పోయి పొయ్యి రాజేసుకుని, నీళ్ళొచ్చే వేళకి వస్తారు. ఎవరి బిందె ఎవరూ ముట్టరు. దానికి కాపలా లేదు, చీటీ లేదు. వెలి వేసిన మర్నాడు చిన్నమ్మి బిందె మామూలుగానే వరసలో ఉంది. దాని వెనకాలది ధనమ్మ బిందె.

ముసలయ్య అరుగు మీంచి కేకేశాడు. "ధనమ్మా, నీ ముందరున్నదే, ఆ బిందె తీసి పక్కనెట్టు."

ధనమ్మ తీసింది. వంగి, రెండు చేతులా పట్టుకుని తీసి, బురద గట్టు మీద పెట్టింది. అప్పుడే వచ్చిన చిన్నమ్మి బిందె వైపు చూడలేదు. ధనమ్మ మొహంలోకి చూసింది. బిందె చంకనెత్తుకుని యార్డు వైపు నడిచిపోయింది.

ఎందుకు తీసిందీ అంటే, భయం. ఏటేటా నూకాలమ్మ ఘటం ఎత్తేది ధనమ్మే. అత్తగారి తరం నుంచీ వచ్చిన ఘటం. వెలి మనిషి అమ్మోరి ఘటం ముట్టకూడదు. బస్తీలో ధనమ్మంటే ఎంత విలువుందో అదంతా ఆ కుండ మీదే ఉంది. ఈ సంగతి ధనమ్మకి తెలియనిది కాదు. తెలిసి ఏం లాభం? అన్నం గొంతు దిగడం లేదు.

ఉగాది ముందరి అమావాస్య, కొత్తమాస, దగ్గరికొచ్చింది. ఆ రోజు నూకాలమ్మ ఘటం బస్తీలో ప్రతి గుమ్మం ముందూ ఆగుతుంది. ఆ ఇంటి ఆడమనిషి తన ఇంటి బిందెలో పసుపు, వేపాకు కలిపిన నీళ్ళు తన చేత్తో ఘటం ఎత్తినామె కాళ్ళ మీద పోస్తుంది. పోశాకే ఘటం కదులుతుంది. ఏ గుమ్మం ముందైనా ఘటం ఆగకుండా దాటిపోయిందా, ఆ ఇంటిని అమ్మోరే వెలేసినట్టు. ఇంక ఆ ఇంటి మనిషి బస్తీ విడిచిపోవలసిందే. చిన్నమ్మికి పోవడానికి ఇంకెక్కడుంది చోటు? ఆదిబాబు అప్పుడే సారా కొట్టు దగ్గర పందేలు కాస్తున్నాడట, పండగ మర్నాడు అదే వచ్చి నా కాళ్ళ మీద పడుతుంది చూడండ్రా అని.

అలాంటి సమయంలో ఒక దారి కనపడింది. ముసలయ్యకి కళ్ళు మసకలు కమ్మాయి. పండగ ముందటి ఆదివారమే కొత్త పెద్దకి పాగా కట్టేద్దామన్నాడు. అందరి నోటా ఒకే పేరు: సోమేశ్వరరావు. చదువుకున్నవాడు, ఇంగ్లీషు వచ్చు, ఆఫీసుల్లో మాట్లాడగలడు. ధనమ్మకి ప్రాణం లేచొచ్చింది. పాగా కట్టుకున్న కొత్త పెద్ద మొదటి మాట ఎవరూ కాదనకూడదు. ఆ మొదటి మాటగా, చిన్నమ్మి వెలి తీసేశాను అనేస్తాడు. అయిపోయింది! ఇంక ఎవరికీ ఎవరూ భయపడక్కర్లేదు, ధనమ్మతో సహా.

ధనమ్మ చిన్నమ్మి గది గోడకి ఇవతల నిలబడి, మేకతో మాట్లాడుతున్నట్టు గట్టిగా అంది. "ఈ ఆదివారం దాకా ఓర్సుకుంటే అమ్మోరే దారి సూపిత్తాది!"

గోడ అవతల నుంచి జవాబు రాలేదు. మేక మాత్రం అరిచింది.

ఆదివారం పొద్దున్న జనమంతా ముసలయ్య అరుగు ముందు చేరారు. సోమేశ్వరరావు సోనారి నుంచి ఆటోలో వచ్చాడు. పళ్ళెంలో పసుప్పచ్చ పాగా, కొబ్బరికాయ. "రా బాబూ" అన్నాడు ముసలయ్య.

సోమేశ్వరరావు ముందుకొచ్చి దణ్ణం పెట్టాడు. "మావా, నువ్వు నాకు చేసిన మేలు చచ్చేదాకా మర్చిపోను. కానీ ఈ పాగా నేను కట్టుకోను. నేనే కాదు, ఇది ఎవరి నెత్తి మీదా ఉండకూడదు. చిన్నమ్మిని వెలెయ్యడం తప్పు. ఆ మాట పెద్దగా చెప్పడం లేదు. మామూలు మనిషిగా చెప్తున్నాను."

"మామూలు మనిషి మాట ఎవుడింటాడ్రా?" అన్నాడు ముసలయ్య. కోపం కాదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు. తరవాత వచ్చింది కోపం. "తిన్నింటి వాసాలు లెక్కెట్టేవోడివి! నీ పిచ్చి పుస్తకాలు నీ సోనారిలోనే ఉంచుకో. అప్పుడు పోలీసోడికే పట్టించీవలసింది నిన్ను."

సోమేశ్వరరావు అందరి ఎదటా చిన్నమ్మి గదికి నడిచాడు. గుమ్మంలో కూర్చుని దాహం అడిగాడు. ఆమె గ్లాసుతో ఇస్తే గటగటా తాగాడు. "ఇప్పుడు నేనూ వెలే" అని జనానికి వినపడేలా చెప్పి లేచాడు.

ధనమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. వాడు ఆవిడ గుమ్మం దగ్గరికొచ్చేసరికి చేతిలో గరిటెతో సిద్ధంగా ఉంది. పొయ్యి మీద వాడికిష్టమని వండిన నెత్తళ్ళ పులుసు మాడుతోంది. మాడనీ!

"ఆ పాగా ఏటిరా, నెత్తిన కొండేటి? ఒక్క మాట! ఒక్క మాట అనీసి మర్నాడు దాన్ని పెంటకుప్పలో పారీ. ఎవుడొద్దన్నాడు నిన్ను?"

"ఒక్క మాటతో తీసేస్తే, ఇంకొకడు వచ్చి ఒక్క మాటతో మళ్ళీ వేస్తాడప్పా. మాట ఎవడిదన్నది కాదు. ఒకడి మాటకి అందరూ తలూపడమే..."

"మళ్ళీ సంగతి మళ్ళీ సూసుకుందుము! ఆ గుంట ఇప్పుడు సత్తంది! నూతిలో పడ్డదానికి తాడెయ్యరా అంటే, నూతులు ఎవుడు తవ్వేడని పాఠం సెప్తావేటి? పైగా నీళ్ళు తాగొచ్చేవు! యార్డు కాణ్ణించి విరిగిన సేత్తో మోసుకొచ్చిన నీళ్ళురా అవి! ఒక గలాసు తాగీసి, నానూ వెలే అంటావు. నీకేటి? నీకు సోనారిలో ఇంట్లోనే కుళాయుంది, ఇప్పితే వత్తాది! నీది ఆదివారం వెలి!"

సోమేశ్వరరావు మొహం వాడిపోయింది. "ఆ నీళ్ళు తాగడం తప్పే" అన్నాడు. "నాకు తట్టలేదు. నువ్వన్నది నిజం." అక్కడితో ఊరుకుంటే బావుణ్ణు. ఊరుకోలేదు. చదువుకున్నవాళ్ళకి ఊరుకోవడం చేతకాదు. "కానీ ఒకటి అడుగుతానప్పా. తియ్యమన్నది ముసలయ్య మావ. ఆయన అరుగు దిగలేదు. బిందె తీసిన చెయ్యి ఎవరిది?"

గరిటె గాల్లోకి లేచింది. వాడి చెవి పక్కనుంచి పోయి ద్వారబంధానికి తగిలి పడింది. "పో! పో నా గుమ్మం ముందర్నించి!" అని ధనమ్మ తలుపేసుకుంది. తలుపు వెనక నిలబడి ఏడ్చింది. కోపంతోనే ఏడ్చింది.

తరవాతి రోజులు ఎలా గడిచాయో! పసుపు దంచుతూ తమ్ముణ్ణి తిట్టింది. ఇల్లు అలుకుతూ తిట్టింది. సన్నాసి చదువు, సంత చదువు, అప్పకే ఎదురు తిరిగే చదువు! కుక్కకి అన్నం పెడుతూ కుక్కతో చెప్పుకుంది. తిడుతూ తిడుతూ మధ్యలో ఆగిపోయి చేతుల వైపు చూసుకునేది. పసుపు పట్టిన రెండు చేతులు. వాడు అబద్ధం చెప్పుంటే ఈపాటికి మర్చిపోయేది. ఒక్క మాట, ఒక్క మాట అని వాడి మీద పడి అరిచింది గానీ, తను ఒక్క చెంబుడు నీళ్ళు పోసిందా? కోపం తమ్ముడి మీద కాదని ఆవిడకి తెలిసిపోయింది. తెలిశాక తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది.

పండగొచ్చింది. పాగా ముసలయ్య నెత్తి మీదే ఉండిపోయింది. పొద్దున్న కుళాయి వచ్చి ఆగిపోయింది. అందరి ఇళ్ళలోనూ బిందెలు నిండుగా, పసుపు కలిపి, వేపరెమ్మ వేసి గుమ్మాల్లో ఉన్నాయి. ధనమ్మ తడిబట్టతో ఘటం నెత్తికెత్తుకుంది. మట్టి కుండ, చుట్టూ వేపమండలు, పైన దీపం. ఒకసారి నెత్తికెత్తాక మళ్ళీ గుడి దగ్గరే దించాలి. మధ్యలో ఇంకొకరు అందుకోకూడదు, వెనక్కి తిరక్కూడదు.

ముసలయ్య కర్ర పట్టుకుని ముందు నడుస్తున్నాడు. డప్పుల వాళ్ళకి ముందే చెప్పి ఉంచాడు, ఆ గుమ్మం వచ్చినప్పుడు జోరు పెంచండ్రా అని. ధనమ్మకీ చెప్పాడు. "అక్కడ బేగి నడిసీ. పక్కకి సూడకు."

గుమ్మం గుమ్మానా ఆగుతూ వచ్చారు. కాళ్ళ మీద చల్లటి నీళ్ళు, మళ్ళీ కాలే నేల, మళ్ళీ నీళ్ళు. చిన్నమ్మి గది దగ్గర పడింది. డప్పులు జోరందుకున్నాయి. ధనమ్మ పక్కకి చూడనే కూడదనుకుంది. కానీ నేల వైపు చూపు పోయింది. గుమ్మం ముందు ముగ్గు ఉంది. కళ్ళాపి చల్లడానికి నీళ్ళు లేక, ఎండు దుమ్ము మీదే వేసింది ముగ్గు. గాలికి సగం కొట్టుకుపోయింది. ఆ సగం ముగ్గు వెనక చిన్నమ్మి నిలబడి ఉంది. పక్కన చింతపండుతో తోమిన బిందె తళతళలాడుతోంది. ఘటం ఆగదని తెలుసు. తెలిసీ ముగ్గేసింది, తెలిసీ బిందె తోమింది.

ధనమ్మ ఆగిపోయింది.

డప్పులు నాలుగడుగులు ముందుకు పోయి, వెనక మనిషి రాలేదని తెలిసి ఆగాయి. ముసలయ్య తిరిగొచ్చాడు. "నడు" అన్నాడు.

"నడవను."

"ఏటీ?"

"నడవనన్నాను. ఈ గుమ్మం ముందర నీళ్ళు పడాల, అప్పుడు నడుత్తాను."

"ఓలమ్మో, అమ్మోరు పూనిందర్రా!" అంది ఒకావిడ. జనం చేతులు జోడించబోయారు. ముసలయ్య మొహంలో కూడా కాస్త తెరిపి కనపడింది. అమ్మోరి మాటైతే ఎవరికీ నామోషీ లేదు కదా.

"నన్నెవులూ పూన్లేదు!" అని ధనమ్మ అరిచిన అరుపుకి డప్పు కొట్టేవాడు రెండడుగులు వెనక్కేశాడు. "నానే! ధనమ్మని! ఒళ్ళు తెలిసే ఆగినాను! అమ్మోరి మీదెట్టకండి!" చిన్నమ్మి వైపు తిరిగింది. "పొయ్యే, నీళ్ళు పొయ్యి."

చిన్నమ్మి బిందెని బోర్లించి చూపించింది. చుక్క రాలలేదు. "ఏటి పొయ్యమంటావు పిన్నీ? పొద్దున్న కాపలావోడు యార్డులోంచి తరిమీసినాడు."

ఎదురింటావిడ తన బిందె పట్టుకుని గబగబా వచ్చి ధనమ్మ కాళ్ళ మీద పొయ్యబోయింది. ధనమ్మ కాలు వెనక్కి తీసుకుంది. "నీ గుమ్మానికి నువ్వు పోసీసినావు. ఇది దాని గుమ్మం. దాని బిందెలో నీళ్ళే పడాల."

అదీ చిక్కు. బిందె చిన్నమ్మిది, నీళ్ళు బస్తీవి. ఆ బిందెలో ఎవరైనా నీళ్ళు పోస్తే వాళ్ళు వెలి. పొయ్యకపోతే ఘటం కదలదు. ఘటం దారిలో దిగినా, దీపం ఆరినా బస్తీకే అరిష్టం. ఎండ నడినెత్తిన ఉంది. ధనమ్మ మెడ నరాలు లేచాయి, చెమట కళ్ళలో పడుతోంది, తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు. కాళ్ళు కాలుతున్నాయి. కాలనీ, అనుకుంది.

ముసలయ్య చుట్టూ చూశాడు. సందు చివర, ఎవరూ పక్కన నిలబడని చోట, సోమేశ్వరరావు ఒక్కడూ ఉన్నాడు. వెలి మనిషినే పిలవాల్సొచ్చింది పెద్దకి. "ఒరే, మీ అప్పకి సెప్పు!"

"ఆవిడకి చెప్పడానికి నేనెవణ్ణి మావా?" అన్నాడు సోమేశ్వరరావు.

ధనమ్మకి ఒళ్ళు భగ్గుమంది. "ఒరే సోమేసూ! కబుర్లు తరవాత సెప్దువు గానీ, ముందా బిందట్టుకోరా!"

బతుకంతా ఎవరి మాటా వినకూడదని రాసినవాడు పరిగెత్తుకుంటూ వచ్చి బిందె పట్టుకున్నాడు. పట్టుకుని వరసగా గుమ్మాల ముందుకు నడిచాడు. ధర్మం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. "కాసిని నీళ్ళమ్మా" అన్నాడు, ఇంటింటా అడుక్కునేవాడిలా. మొదటావిడ ముసలయ్య వైపు చూసి తల తిప్పుకుంది. రెండో ఆవిడ లోపలికి పోయింది. మూడో గుమ్మంలో ఉన్నామె చంటిపిల్లని ఎత్తుకుని ఏడుపు మొహం పెట్టింది, పొయ్యలేదు. "కాసిని నీళ్ళమ్మా." గొంతు వణికింది. ధనమ్మ తమ్ముణ్ణి అలా ఎప్పుడూ చూడలేదు. వెధవ, పాఠాలు చెప్పేటప్పుడు గొంతు ఎంత గట్టిగా ఉండేది!

నాలుగోది ముసలయ్య ఇల్లే. గుమ్మంలో ఆయన భార్య చిలకమ్మ. సోమేశ్వరరావు ఒక్క క్షణం తటపటాయించి, అక్కడా అడిగాడు. చిలకమ్మ మొగుడి వైపు చూడలేదు. తన బిందెలోంచి చెంబుడు ముంచి వంచింది. ఖాళీ బిందెలో నీళ్ళు పడిన చప్పుడు సందంతా వినపడింది.

"ఏటే!" అన్నాడు ముసలయ్య.

"ఏటి ఏటే? నానూ యార్డు నీళ్ళు మోసినదాన్నే" అంది చిలకమ్మ. "నన్నూ వెలేసీ. రేపణ్ణించి అన్నం నువ్వే వండుకో."

ఎవరో కిసుక్కున నవ్వారు. అంతే, తల తిప్పుకున్న మొదటావిడ గిన్నె పట్టుకుని వచ్చింది. చంటిపిల్లామె వచ్చింది. లోపలికి పోయినావిడ కూడా వచ్చింది. తలా కాస్త. సోమేశ్వరరావు చేతుల్లో బిందె బరువెక్కి ఒక పక్కకి ఒరిగింది, పట్టుకోవడం రాక చొక్కా అంతా తడుపుకున్నాడు.

ముసలయ్య గొంతు సవరించుకున్నాడు. "సర్లే. పండగ పూట కాబట్టి ఈ వెలి నాను తీసెత్తన్నాను" అన్నాడు.

"ఎవులడిగినారు నిన్ను?" అంది ధనమ్మ. ఘటం కింద మెడ కదపకుండా, కళ్ళు మాత్రం తిప్పి. "నీళ్ళు పోసీసినాక తీసీదేటుంది మావా? ఒక్క మాట, ఒక్క మాట అని నానే దేవుళ్ళాడేను. ఇంక నీ మాట అక్కర్నేదు. కుళాయి తెచ్చేవు, దణ్ణం. అరుగు మీద కూకో."

ముసలయ్య కర్ర చేతులు మార్చుకున్నాడు.

సోమేశ్వరరావు బిందె తెచ్చి చిన్నమ్మి ముందు పెట్టాడు. ఎత్తడానికి సాయం పట్టబోతే, "ఒగ్గీ బాబూ" అంది ఆమె. కుడిచెయ్యి బిందె మెడకేసి, వంకరగా అతుకుపడ్డ ఎడంచేతిని అడుగున ఆనించి, పళ్ళు బిగించి ఎత్తింది. కొంచెం పోసి కొంచెం దాచుకోలేదు. బిందెకి బిందే కుమ్మరించింది. ధనమ్మ కాళ్ళు తడిసి, ముగ్గు తడిసి, పసుపు నీళ్ళు సందులో కాలవ కట్టాయి. కాళ్ళ మంట చల్లారింది. లోపలిది చల్లారలేదు.

"నడవండ్రా" అన్నాడు ముసలయ్య. డప్పులు మోగాయి. కానీ చిన్నమ్మి ఖాళీ బిందె చంకనేసుకుని ధనమ్మకి అడ్డంగా అక్కడే నిలబడింది. డప్పులు మళ్ళీ ఆగాయి.

"పిన్నీ" అంది. ఆ మాట ఆమె నోట విని ఎన్నాళ్ళయిందో. కానీ గొంతులో తడి లేదు. "పండగ నీళ్ళు పండక్కే సరిపోనాయి. రేపు పొద్దున్న నా బిందె వరసలో ఉండాల. నాను తెచ్చి ఎట్టను. తీసిన సేత్తోనే నువ్వెట్టు."

ధనమ్మ తల దించుకోడానికి వీల్లేదు. కళ్ళు తుడుచుకోడానికి వీల్లేదు. బస్తీ అంతా చూస్తుండగా నిటారుగా నిలబడి ఆ చూపుని అలాగే భరించింది.

"ఎడతానే" అంది. "నా బిందె కన్నా ముందెడతాను."

చిన్నమ్మి పక్కకి జరిగి అమ్మోరికి దారిచ్చింది.